గోడల్లో కరెంటాయన

కాలువ పక్కన ఉన్న ఆ మూడంతస్తుల మేడకి తుఫాను తర్వాత పడ్డ చెడ్డపేరు ఇంతా అంతా కాదు. చీకటి పడితే చాలు, గోడల్లోంచి చప్పుడు... టక్... టక్... కాసేపు ఆగి, దేన్నో ఈడ్చినట్టు బర్రుమని... మళ్ళీ టక్. పై కిటికీలో సన్నటి వెలుగు మెరిసి ఆరిపోతుందని కూడా చెప్పుకున్నారు. చెప్పినవాళ్ళంతా రోడ్డుకి ఆ పక్కనుంచి చూసినవాళ్ళే. ఈ పక్కకి వచ్చే గుండె ఎవరికుందని!

ఆ మేడలో ఉండేవాళ్ళంతా పొట్ట చేత పట్టుకుని పరాయి దేశం నుంచి వచ్చినవాళ్ళు. తుఫాను రోజు బస్సులెక్కి పోయారు, నీళ్ళు తీశాక ఒక్కొక్కరే తిరిగొచ్చారు. మేడ చెక్కుచెదరలేదు. కింద బురద కడుక్కుని, కరెంటు ఇప్పించుకుంటే మళ్ళీ పొయ్యి వెలిగించుకోవచ్చు. వెలిగించుకున్నారా? లేదు. దెయ్యం ఉందని ఎదురుగా ఉన్న గోడౌన్‌లో ప్లాస్టిక్ పట్టాలు కట్టుకుని, పిల్లాజెల్లాతో దోమలకి ఒళ్ళప్పగించి పడుకున్నారు. సముద్రాలు దాటి వచ్చిన శూరులు రోడ్డు దాటలేకపోయారు.

దెయ్యం ఎవరన్నదీ వాళ్ళే తేల్చేశారు — కరెంటాయన. మేడ వైరింగంతా ఆయన చేసిందే. తుఫాను రోజు భార్యని బస్సెక్కించి, "మెయిన్ కట్టేసి వెనకాలే వస్తా" అన్నాడు. రాలేదు. శవమూ దొరకలేదు. బతికుండగా ఒక ఫ్యూజు వెయ్యమంటే పదిసార్లు తిప్పించుకునే మనిషి, పోయాక దేవుడైపోయాడు.

"పాపం, చచ్చి కూడా మన వైర్లే చూసుకుంటున్నాడ్రా" అని పెద్దమేస్త్రి కళ్ళొత్తుకునేవాడు. ఈ పెద్దమేస్త్రి వాళ్ళందరికీ పెద్దదిక్కు. మాటల్లో తప్ప ఎందులోనూ ముందుండడు.

కరెంటాయన భార్యని అందరూ లాండ్రీ అనే పిలిచేవారు. ఆస్పత్రి లాండ్రీలో దుప్పట్లు ఉతికే పని ఆమెది. వేరే ఊళ్ళో ఉన్న తమ్ముడు అక్కకి అక్కడే పని కుదిర్చి, లారీ పంపాడు. తెల్లారితే బయల్దేరాలి. ఆమె మాత్రం, ఆయన ఉన్నాడో పోయాడో తేలకుండా కదిలేది లేదని మొండికేసింది. ఉన్నాడంటే వెతకాలి, పోయాడంటే ఏడ్చి ఊరుకోవాలి. ఏదీ తెలియక ముద్ద దిగడం లేదు, కన్ను మూతపడడం లేదు.

బేకరీలో పనిచేసే పిన్ని ఒక్కతే గుండె చిక్కబట్టుకుని, రోజూ పొద్దువాలగానే మేడ మెట్ల మీద కంచంలో రొట్టె, కూర పెట్టి, వెనక్కి చూడకుండా పరిగెత్తుకొచ్చేది. మర్నాటికి కంచం ఖాళీ. ఇంకేం, ఆత్మ శాంతించిందని సంబరం! ఈ ఊళ్ళో కుక్కలున్నాయి, ఎలకలున్నాయి అని ఒక్క బుర్రకైనా తట్టలేదు.

ఆ సాయంత్రం లాండ్రీ, "ఇవాళ నేను పెడతాలే పిన్నీ" అని కంచం అందుకుంది.

మెట్ల మీద నిన్నటి కంచం ఖాళీగా పడి ఉంది. తీద్దామని వంగింది... చెయ్యి ఆగిపోయింది.

కంచం అంచున ఉల్లిపాయ ముక్కలు. ఒక్కొక్కటే ఏరి, వరసగా పేర్చినవి.

పెళ్ళైన నాటినుంచీ సణుక్కుంటూ ఆమె తోమిన మొగుడి కంచం సరిగ్గా ఇలాగే ఉండేది. పిన్ని కూడా రోజూ చూసే ఉంటుంది. ఆత్మకి కూర నచ్చలేదేమోనని ఉప్పు సవరించి ఉంటుంది, అంతే.

భయమో, ఆశో లాండ్రీకే తెలియలేదు. కొత్త కంచం మెట్టు మీదే పెట్టి, చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని మెట్లెక్కింది.

మొదటి అంతస్తు... బురద కంపు. చీకటి.

రెండో అంతస్తు... టక్... టక్...

గోడ తడుముకుంటూ నడుస్తుంటే వేళ్ళు లోపలికి దిగబడ్డాయి. స్విచ్చుబోర్డు ఉండాల్సిన చోట గొయ్యి. అక్కణ్ణుంచి కప్పు దాకా గోడ చీల్చి ఉంది. పక్క గదిలోనూ అంతే. తను కాపురమున్న గదిలోనూ అంతే.

మూడో అంతస్తు చివర పిన్ని గది. తలుపు సందులోంచి వెలుగు... మెల్లగా తోసింది.

నుదుటికి లైటు, చేతిలో ఉలి, సుత్తి — కరెంటాయన. నిక్షేపంలా ఉన్నాడు. పిన్ని కూరకి కాస్త ఒళ్ళు కూడా చేశాడు. కాళ్ళ దగ్గర రాగితీగ చుట్టలు గుట్టగా పడి ఉన్నాయి.

"ష్... అరవకే," అన్నాడు. "ఈ రాగి ఎత్తుకుపోవడానికి రేపు కాలువలోకి పడవొస్తుంది. ఈ ఒక్క గది అయిపోతే నీకోసమే వద్దామనుకుంటున్నా."

"ఇది పిన్ని గది..."

"అయితే? వాళ్ళెలాగూ రారుగా. దెయ్యాన్నని నేనేమైనా చెప్పానా? వాళ్ళే అనుకున్నారు," అని కిసుక్కున నవ్వాడు.

ఆమె ఆ రాగితీగ చుట్టల వంక చూసింది.

"రోజూ... ఆ రోడ్డు మీద కూర్చుని ఏడ్చాను."

"తెలుసు. కిటికీలోంచి చూసేవాణ్ణిగా. నిన్ను ఓదార్చడానికి దిగొస్తే, పని చెడిపోదూ?"

ఆమెకి ఏడుపు రాలేదు. కోపమూ రాలేదు. ఒట్టి అసహ్యం... ఒళ్ళంతా జలదరించేంత అసహ్యం. వెనుదిరిగింది.

"ఇవాళ్టి కంచం పైకి పట్రా, ఆకలి దంచేస్తోంది," అన్నాడు వెనకనుంచి.

గోడౌన్ ముందు జనమంతా గుంపుగా నిలబడి ఉన్నారు. పెద్దమేస్త్రి వాళ్ళ వెనకాల ఉన్నాడు.

"కనిపించాడామ్మా?" గుసగుసగా అడిగాడు.

"దెయ్యమూ లేదు, ఏమీ లేదు. దొంగ," అంది లాండ్రీ. "మన గోడలన్నీ చీల్చి తీగలు లాగేశాడు. ఇప్పుడు పిన్ని గదిలో ఉన్నాడు."

దెయ్యానికి వణికిపోయిన మహావీరులకి, దొంగ అనేసరికి ఎక్కడలేని పౌరుషం పొడుచుకొచ్చింది. పారలు, గునపాలు పట్టుకుని రోడ్డు దాటారు. తిరిగొచ్చాక ఆ మేడ మెట్లెక్కడం వాళ్ళకదే మొదలు.

కాసేపటికి పైనుంచి దబదబా చప్పుళ్ళు... ఆ వెంటనే కేకలు.

"కొట్టకండ్రా... నేనే... నేనేరా!"

పిన్ని లాండ్రీ చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"అమ్మాయ్... ఆ గొంతు... మీ ఆయనదే కదే?"

లాండ్రీ చేతిలోని చెప్పులు కింద పడేసి, నింపాదిగా తొడుక్కుంది.

"మా ఆయన తుఫానులో పోయాడు పిన్నీ."