పదిహేడో దీపం

పొద్దుగూకితే ఆ దీపాల గది వైపు ఎవరూ కన్నెత్తి చూసేవారు కాదు. భద్రాచలం అడవి అంచున ఒక బొగ్గు గని. దిగేవాళ్లు తలదీపం తీసుకునేదీ, పైకొచ్చాక తిరిగి కొక్కేనికి తగిలించేదీ ఆ గదిలోనే. జంపయ్య మాత్రం తన దీపం తిరిగి తేలేదు. కప్పు కూలింది, మనిషి ఆనవాలు దొరకలేదు, చివరికి ఆ దారే మూసేశారు. అతని భార్య పిచ్చమ్మ మాత్రం వెతకమని కనిపించిన ఆఫీసరునల్లా అడిగేది.

తొంభైలో ఆ గదికి కంప్యూటర్ వచ్చింది. అప్పుడు మొదలైంది... అందరూ పైకొచ్చి, గది ఖాళీ అయ్యాక — కుయ్... కుయ్... తెల్లవార్లూ. జంపయ్యే పిలుస్తున్నాడన్నారు. నేను దెయ్యాలను నమ్మే రకం కాదు. కానీ ఇది చెప్పింది ఆ గది వాచ్‌మన్ మంగయ్య, కోతలు కోసే మనిషి కాదు.

ప్రోగ్రాం రాసిన వెంకటప్పయ్యది మధిర. అతని అనుమానమంతా మంగయ్య మీదే.

"నువ్వే ఏదో మీట నొక్కుతున్నావు. రేపటికి ఇది ఆగకపోతే నీ ఉద్యోగం ఉండదు."

మంగయ్య నోరు మెదపలేదు. దాంతో అనుమానం ఇంకా ముదిరింది. ఆ రాత్రి అతన్ని పక్కన కూర్చోబెట్టుకుని వెంకటప్పయ్యే కాపు కాశాడు.

కుయ్...

మంగయ్య చేతులు ఒళ్లోనే ఉన్నాయి. మీటలను ఎవరూ తాకలేదు. వెంకటప్పయ్య తెర వైపు వంగాడు. తెర మీద దీపాల నంబర్లు ఒకటి నుంచి చివరిదాకా పోయి, మళ్లీ ఒకటికి వస్తున్నాయి... దీపాలన్నీ కొక్కేలకు చేరేదాకా అలాగే తిరుగుతూ కూయమని రాసింది తనే. పదిహేడొక్కటీ చేరలేదు.

"పదిహేడు ఎవరిది?" గొంతు తగ్గించి అడిగాడు.

"జంపయ్యది సార్. సచ్చినోని నంబరు ఇంకొకలకు ఇయ్యం. ఆ కొక్కెం ఖాళీగనే ఉంటది."

వెంకటప్పయ్యకు ప్రాణం లేచొచ్చింది. దెయ్యమూ లేదు, మీట నొక్కినవాడూ లేడు. పదిహేడు వస్తే దాటేసి తర్వాతి నంబరుకు పొమ్మని ఒక్క వరుస రాశాడు. చుట్టు ముగిసింది. కూత ఆగింది.

"నీకిది ముందే తెలుసు కదూ... ఉద్యోగం పోతుందన్నా ఎందుకు చెప్పలేదు?"

మంగయ్య తల వంచుకున్నాడు. "గా కూత ఇనుకుంటనే పండుకుంటది సార్, పిచ్చమ్మ."

అప్పుడే ఎదురుగా కార్మికుల ఇళ్ల వరసలో తలుపు కిర్రుమంది. చీకట్లో అడుగులు... దగ్గరికొచ్చి, గడప అవతల ఆగాయి. పిచ్చమ్మ.

"ఎతుకుడు బంద్ చేసిండ్రా సారూ?"