డికాషన్ దిగకముందే

గొడవ కాఫీ దగ్గర మొదలైంది. గోవర్ధనరావు గ్లాసు వెలుతురుకేసి ఎత్తి చూసి, ఇది కాఫీయా, పాలకు కాఫీ వాసన చూపించారా అని అడిగాడు. నిన్నటిది బ్రహ్మాండంగా ఉందని కూడా అన్నాడు. భార్య అనసూయకు ఆ రెండో మాటే మండింది.

"మీ అమ్మాయి ఇంట్లోంచే ఉద్యోగం అంటూ బందరు వచ్చి నాకు సాయం చేస్తోందిగా. నేనొక్కదాన్నే పెట్టినప్పుడు ఏనాడైనా ఇలా అయ్యిందా?"

నాగజ్యోతి ఒప్పుకోలేదు. పాలు కాచమంటే కాచింది. ఫిల్టరులో ఉన్నంత పోసింది. డికాషన్ పూర్తిగా దిగేదాకా ఆగమని తనకెవరూ చెప్పలేదు.

"అది కూడా చెప్పాలా?" అంది అనసూయ.

గదిలో లాప్‌టాప్ ముందు ఇంకో గొడవ కాచుకుని ఉంది. తుపాను వస్తే సముద్రం ఎంత లోపలికి వస్తుందో లెక్కకట్టే ప్రోగ్రాం జ్యోతి బృందానిది. దాన్ని సూపర్ కంప్యూటర్ మీద బిల్డ్ చేస్తే, అంటే ఫైళ్ళన్నీ కలిపి నడిచేలా తయారుచేస్తే, ఒకసారి అవుతుంది, ఒకసారి మధ్యలో ఆగిపోతుంది. ఈ మధ్యాహ్నంలోగా నమ్మకంగా నడవకపోతే ప్రాజెక్టు ఆపేస్తారు. అప్పుడు ఆ కంప్యూటర్ చూసే నాగవంశీని వేరే పనికి మార్చేస్తారు.

హైదరాబాద్ మీటింగులో మొదటిసారి కలిసిన రోజే ఇద్దరూ దీని మీద వాదించుకున్నారు. అప్పట్నుంచీ ఫోన్లో రోజూ వాదిస్తూనే ఉన్నారు. వాదన లేని ఆదివారం జ్యోతికి తోచదు.

వంశీ ఈ వారం సెలవు మీద నాగాయలంకలో ఉన్నాడు. ఫోన్లో అతని మాట వెనక వాన వినిపిస్తోంది.

"మళ్ళీ నొక్కండి, అవుతుంది," అన్నాడు.

"మీ మిషన్‌కి మూడ్ కుదరాలాండీ?"

"మిషన్‌కి మూడ్ ఉండదండీ. ప్రోగ్రాం రాసినవాళ్ళకే ఉంటుంది." నవ్వాడు. "ఒక్కో ఫైలూ వరసగా చేయిస్తే ఏనాడూ ఆగలేదు. పనిని పది ప్రాసెసర్లకు పంచి ఒకేసారి చేయిస్తేనే ఈ తిప్పలు."

జ్యోతి చెయ్యి కీబోర్డు మీద ఆగిపోయింది. ఇలాంటి మాటే పొద్దున అమ్మ నోట విన్నది.

"వంశీ గారూ, డికాషన్ దిగకముందే పోసేస్తున్నామండీ."

"టిఫిన్ తిన్నారా మీరు?"

ఆమె గబగబా చెప్పింది. తీరం కొలతల ఫైలు తయారయ్యాకే ఉప్పెన ఫైలు మొదలవ్వాలి. ఆ సంగతి ఎక్కడా రాయలేదు. ఒక్కరే చేస్తే ఆ వరస దానంతటదే కుదురుతుంది. పదిమంది చేస్తే ఎవరు ముందైతే వాళ్ళదే. రెండోసారి నొక్కేటప్పటికి మొదటిది తయారై ఉంటుంది, అందుకే అవుతోంది.

ఇది అయ్యాకే అది, అని ఒక్క లైను చేర్చింది. పాతవన్నీ చెరిపేసి మొదటినుంచీ బిల్డ్ చేశారు. అయింది. మళ్ళీ చెరిపారు. మళ్ళీ అయింది. ప్రతిసారీ అటునుంచి "ఊఁ" అని వినిపించేది, ప్రతిసారీ కాస్త పెద్దగా. ప్రాజెక్టు ఉంటుందని మెసేజ్ వచ్చేసరికి బందరులోనూ చినుకులు మొదలయ్యాయి.

"ఇక రోజూ ఫోన్ చెయ్యడానికి సాకు లేదండీ," అన్నాడు వంశీ. ఇప్పుడు నవ్వడం లేదు. "సాకు లేకుండా చెయ్యాలని ఉంది. మా అమ్మ చేత మీ నాన్నగారికి ఫోన్ చేయించనా? ఇప్పుడే చేస్తానంటోంది."

జ్యోతి చెవులు వేడెక్కాయి. "ఆపండి ఆవిణ్ణి. ముందు మా ఇంట్లో నేను చెప్పాలి. ఆ తర్వాతే ఆవిడ ఫోను. వరస తప్పితే ఏమవుతుందో చూశారుగా."

భోజనాల దగ్గర అనసూయ పప్పు వడ్డిస్తోంది. జ్యోతి కలిపిన ముద్ద అలాగే పట్టుకుని, ఒక్క గుక్కలో చెప్పేసింది.

"నాన్నా, నేను వంశీని పెళ్ళి చేసుకుందామనుకుంటున్నాను. నాగాయలంక వాళ్ళు. మీరు సరేనంటే ఆదివారం వాళ్ళమ్మగారితో వస్తాడు."

గోవర్ధనరావు భార్యకేసి చూశాడు. "రోజూ ఫోన్లో పోట్లాడేది ఆ అబ్బాయితోనేనా?"

"అవును నాన్నా."

"అంత పోట్లాటా అయ్యాక కూడా రోజూ ఫోన్ చేస్తున్నాడంటే, సరే, రమ్మను."

అనసూయ కూతురి కంచంలో నెయ్యి కాస్త ఎక్కువే వేసింది.

"ఆదివారం కాఫీ నేను పెడతాను," అంది. "వంటింట్లోకి ఇంకెవరూ రావద్దు."