పిల్లికి విషం పెట్టిందెవరు?

ఉదయం ఏడున్నర. వంటగది గడప దగ్గర పిల్లి పడి ఉంది. నోట్లోంచి చొంగ. ఒళ్లంతా వణుకు.

"మావయ్యా! దీనికెవరో విషం పెట్టారు!"

కోడలు పిల్లిని బుట్టలో వేసుకుని డాక్టరు దగ్గరికి పరుగెత్తింది.

రిటైర్డ్ ఇన్‌స్పెక్టర్ మీసం దువ్వాడు. ఆయన సర్వీసులో దొరకని దొంగ లేడు. దొరికినవాళ్లంతా దొంగలేనా అని మాత్రం అడక్కండి.

సీన్ ఆఫ్ క్రైమ్ పరిశీలించాడు. గిన్నెలో పాలు ముట్టలేదు. నేల అద్దంలా మెరుస్తోంది. కిటికీ తెరిచి ఉంది. అవతల కుట్టుపని చేసే పక్కింటావిడ వాటా. కొత్త బట్టల మీద పిల్లి పడుకుందని నిన్ననే ఆవిడ ఇల్లెగిరిపోయేలా అరిచింది.

కేసు క్లోజ్!

మెట్ల మీద నలుగురి ముందే నిలదీశాడు.

"ఏం పెట్టావమ్మా దానికి?"

"శాపనార్థాలు పెట్టాను బాబాయ్ గారూ. అవీ తినేస్తుందనుకోలేదు."

"వేళాకోళమా? చేతులు చూపించు!"

ఆవిడ చేతులు చాపింది. సూది పోట్లు తప్ప ఏమీ లేవు. కళ్లలో నీళ్లు తిరిగాయి. "రోజూ తిట్టేదిగా," అని ఎవరో గొణిగారు.

అప్పుడే కోడలు మెట్లెక్కి వచ్చింది. చేతిలో బుట్ట లేదు.

"సెలైన్ పెట్టారు. ఇప్పుడే ఏమీ చెప్పలేమన్నారు. నాలుకంతా పుళ్లు. అరికాళ్లు కూడా కాలాయి. మావయ్యా, ఒకసారి లోపలికి రండి."

"ఉండమ్మా! అరికాళ్లు కాలాయా?" ఇన్‌స్పెక్టర్ గొంతు ఖంగుమంది. "అదీ క్లూ! విషం తిండిలో లేదు. నేల మీద ఉంది. పిల్లి దాని మీద నడిచింది. అలవాటు కొద్దీ కాళ్లు నాక్కుంది. ఇప్పుడు తేలాల్సింది ఒక్కటే. ఆ నేల తుడిచిన..."

మీసం మీదికి వెళ్లిన చెయ్యి కిందికి దిగింది.

పొద్దున్నే తడిగుడ్డ పెట్టడం ఆయన డ్యూటీ. బకెట్‌కి ఒక్క మూత చాలని కోడలు ఎన్నిసార్లు చెప్పిందో. నీళ్లు కలిపితే క్రిములు ఈత నేర్చుకుంటాయంటూ ఆయన ఫినాయిల్ సీసా నేల మీదే వంపేవాడు.

"నీళ్లు కలిపినా పిల్లికి అది విషమేనట," అంది కోడలు, తల వంచుకుని. "లోపలికెళ్లాక చెబుదామనుకున్నాను."

ఆయన పక్కింటావిడ వైపు తిరిగాడు. ముఖంలోకి చూడలేకపోయాడు.

"తప్పు నాదమ్మా. నలుగురిలో నిన్ను... క్షమించు."

ఆవిడ క్షమించానని అనలేదు.

"పిల్లి బతికొస్తే ఆ నేల మీదే నడవాలి. బకెట్ తెండి," అంది.

ఆవిడ మంచినీళ్లు పోస్తుంటే ఆయన మోకాళ్ల మీద కూర్చుని నేల కడిగాడు. గుమ్మంలో నలుగురూ నిలబడి చూశారు. ఎవరూ నవ్వలేదు.

నవ్వినా బాగుండేది.