ప్రతిబాధ

ఆ రోజుల్లో విశాఖపట్నంలో దొంగకి పంటినొప్పి వస్తే ముందు డాక్టర్ కోసం పరుగెత్తేది పోలీసు ఇన్‌స్పెక్టరే. లాకప్పుల్లో మెత్తటి పరుపులుండేవి. తాగి గొడవచేసి పట్టుబడ్డవాడికి పొద్దున్నే మజ్జిగ ఇచ్చి, "తలనొప్పి తగ్గిందా నాయనా" అని కానిస్టేబుల్ బుజ్జగించి అడిగేవాడు. ప్రేమ పొంగిపొర్లి అడిగేవాడని ఎవరూ భ్రమపడనక్కర్లేదు. వాడి తలనొప్పి పక్క గదిలో కూర్చున్న ఇన్‌స్పెక్టర్ గారి తలలో కూడా పోటెత్తుతుండేది మరి.

దీనికంతటికీ కారణం ప్రతిబాధ అనే పరికరం. లాకప్ చావులతో విసిగిపోయిన జనం వీధుల్లోకి వచ్చి స్టేషన్లు తగలబెట్టాక, ఇందుశేఖర్ అనే నాడీశాస్త్రవేత్త దాన్ని కనిపెట్టాడు. అరెస్టయిన ప్రతి మనిషి మణికట్టుకీ ఒక పట్టీ బిగిస్తారు. అది వాడి నరాల్లో పుట్టే పెయిన్ సిగ్నల్స్‌ని, అంటే నొప్పి సంకేతాల్ని, చదువుతుంది. ప్రతి పోలీసు అధికారి మెడ వెనక, వెన్నుపాము మొదట్లో, బియ్యపుగింజంత నాడీకణిక అమర్చారు. కాగితాల మీదే ఆ పేరు, నోళ్ళలో మాత్రం చిప్పే. ఇక్కడ పట్టీ చదివిన నొప్పిని అక్కడ చిప్పు పుట్టిస్తుంది. అధికారికి చర్మం కమలదు, ఎముక విరగదు. నొప్పి మాత్రం ఆవగింజంత కూడా తగ్గదు.

మరి ఆ నొప్పి ఏ అధికారికి చేరాలి? కొట్టినవాడికే అని మొదట అనుకున్నారు. మన స్టేషన్ల సంగతి తెలిసినవాళ్ళెవరూ అలా అనుకోరు. పెద్దవాళ్ళు చెయ్యెత్తరు. "వీడి సంగతి కాస్త చూడండయ్యా" అని చెప్పి టీ తాగడానికి వెళతారు. చూసేది కానిస్టేబుల్. అందుకని, ఆ సమయానికి స్టేషన్ ఛార్జి ఎవరి పేర ఉంటే నొప్పి వాళ్ళకే చేరాలని చట్టం చేశారు. చేసినవాళ్ళు తమ భుజాలు తామే చరుచుకున్నారు. ఇంక లాఠీకి కాలం చెల్లిందని పత్రికలన్నీ రాశాయి.

ఛార్జి చేతులు మారుతుందన్న సంగతి ఆ మహానుభావులకి తట్టలేదు. అధికారి సెలవు పెట్టినా, కోర్టు పని మీద వెళ్ళినా, పక్క స్టేషన్ అధికారికి అదనపు ఛార్జి అప్పగించి పోవడం తాతల నాటి పద్ధతి. ఇప్పుడు తెర మీద వేలితో నొక్కితే చాలు, నగరంలో ఏ స్టేషన్ అధికారికైనా చేరిపోతుంది, తీసుకునేవాళ్ళ ఒప్పుకోలు కూడా అక్కర్లేదు. కాబట్టి ఎవణ్ణయినా కొట్టించాలనిపిస్తే అధికారులు కాసేపు సెలవు పెట్టేవాళ్ళు. ఛార్జి తీసుకెళ్ళి ఇంకొకరి నెత్తిన పడేసేవాళ్ళు.

ఆ ఇంకొకరు ఎప్పుడూ గొర్లె హైమవతే.

హైమవతి కొత్తరేవు స్టేషన్ ఇన్‌స్పెక్టర్. మామూళ్ళు తీసుకోదు, తీసుకునేవాళ్ళని బతకనివ్వదు. ఒకసారి తన పై అధికారే లంచంతో దొరికితే, నిటారుగా నిలబడి సెల్యూట్ కొట్టి మరీ బేడీలు వేసింది. శాఖ మొత్తానికి ఆమె అంటే ఒళ్ళుమంట. తీర్చుకోవడానికి ఇంత మంచి సాధనం దొరికాక ఊరుకుంటారా? నగరంలో ఎవడి అరికాళ్ళు వాచినా హైమవతి కాళ్ళు నిలవలేదు. బజారులో కూరగాయలు ఏరుకుంటూ పడిపోయింది. కోర్టులో సాక్ష్యం చెబుతూ జడ్జి ముందే నాలుక కొరుక్కుంది. మేడమ్ గారికి పూనకం వచ్చిందని తోటి ఇన్‌స్పెక్టర్లు వరండాలోకి పోయి పడీపడీ నవ్వారు.

ఓర్చినంత ఓర్చి, ఆమె ఇందుశేఖర్ ప్రయోగశాలకి వెళ్ళింది.

"నా మెడలోది తీసెయ్యండి డాక్టర్ గారూ."

"తీస్తే మీ ఉద్యోగం పోతుంది. చట్టం అలా ఉంది."

"పోనీ, ఎవడు పడితే వాడు నాకు ఛార్జి అంటగట్టకుండా చెయ్యండి."

"చెయ్యొచ్చు. దానికి నేర విభాగం డీసీపీ అనుమతి కావాలి."

హైమవతి నవ్వింది. ఆ డీసీపీ జయసింహ. రేవులో దిగే మత్తుమందుకి పోలీసు కాపలా పెట్టించేది ఆయనేనని కానిస్టేబుళ్ళకి కూడా తెలుసు, రుజువు మాత్రం ఎవరి దగ్గరా లేదు.

"నా పరికరంలో తప్పు లేదు హైమవతి గారూ," అన్నాడు ఇందుశేఖర్, కొంచెం నొచ్చుకుంటూ. "తన ఒంటికీ తగులుతోందని తెలిసి ఇంకొకణ్ణి కొట్టే మనిషి ఉండడు. ఎంతోమంది మీద పరీక్షించాను. రెండో దెబ్బకి ఆగనివాడు లేడు."

"వాళ్ళలో పోలీసులెంతమంది?"

"పోలీసులెందుకు ఉంటారు? అందరూ నా విద్యార్థులే."

హైమవతి లేచి వచ్చేసింది. ఆ తర్వాత ఎవరినీ బతిమాలలేదు. ఛార్జి తన మీద పడగానే ఏ స్టేషనో ఆమె ఫోన్‌లో కనిపిస్తుంది. వెంటనే బండెక్కేది. మొదట్లో దెబ్బ పడ్డప్పుడల్లా రోడ్డు పక్కన కూలబడి ఏడ్చేది. కొన్నాళ్ళకి ఏడవకుండా బండి నడపడం వచ్చింది. ఇంకొన్నాళ్ళకి, దెబ్బలు పడుతుండగానే ఒక స్టేషన్ గేటుని జీపుతో గుద్దుకుని వెళ్ళి, లాఠీ పట్టుకున్నవాణ్ణి కిటికీలోంచి బయటికి విసిరేసింది. నగరంలో ఆమె బండి చప్పుడు వినిపిస్తే ఎస్సైలు గోడలు దూకేవాళ్ళు. జనం ఆమె ఫోటో ఆటోల వెనక అతికించుకున్నారు.

అప్పుడు వచ్చాడు నూకరాజు. మైలపల్లి నూకరాజు రేవులో క్రేన్ డ్రైవర్. మత్తుమందు డ్రమ్ములు తెరవమన్న కస్టమ్స్ ఉద్యోగిని జయసింహ స్వయంగా కాల్చి నీళ్ళలోకి తోయడం క్రేన్ మీది నుంచి కళ్ళారా చూశాడు. మెజిస్ట్రేటు ముందు చెబుతానని హైమవతికి మాటిచ్చాడు. కోర్టుకి వెళ్ళే దారిలోనే జయసింహ మనుషులు దొంగతనం కేసు పెట్టి ఎత్తుకుపోయారు. పట్టీ బిగించారు. ఛార్జి, మామూలే, హైమవతికి పంపారు.

ఆమె ఒక స్టేషన్‌కి చేరేసరికి వాణ్ణి ఇంకో స్టేషన్‌కి మార్చేవాళ్ళు. నగరమంతా తిరిగింది. వాడి పక్కటెముకలు, వాడి వేళ్ళు, వాడి మోకాళ్ళు, అన్నీ ఆమెలో అరిచాయి. ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి నొప్పి ఆగిపోయింది. ఇన్నాళ్ళలో మొదటిసారి హైమవతికి భయమేసింది. నొప్పి ఉన్నంతసేపూ వాడు బతికున్నాడని తెలిసేది. ఇప్పుడు వాడు చచ్చి అయినా ఉండాలి, పట్టీ కోసేసి ఎక్కడో పడేసి అయినా ఉండాలి. వాడు పోతే జయసింహని పట్టించే నోరు ఇంకొకటి లేదు.

ఆమె తిన్నగా ఆఫీసర్స్ మెస్‌కి వెళ్ళింది. జయసింహ టెన్నిస్ ఆడుతున్నాడు. అడ్డొచ్చిన గన్‌మన్ చెయ్యి మెలిపెట్టి తుపాకీ ఊడలాక్కుంది. రెండోవాణ్ణి అంపైర్ కుర్చీతో సహా పడదోసింది. వల మీదుగా దూకి, డీసీపీ గారి చేతిలో రాకెట్ ఉండగానే మణికట్టుకి పట్టీ బిగించింది. ఒకసారి బిగిస్తే, రంపం పెట్టి కోస్తే తప్ప, మెజిస్ట్రేటు చెయ్యి పడకుండా అది ఊడదు.

"నూకరాజు ఎక్కడ సార్?" అంది, తన స్టేషన్‌లో ఆయన్ని కుర్చీకి కట్టేశాక.

జయసింహ నవ్వాడు. "నన్ను కొడతావా? ఇక్కడ ఛార్జి నీదే. నాకెంతో నీకూ అంతే. టీ తెప్పించు హైమవతీ, కూర్చుని మాట్లాడుకుందాం."

ఆమె హెడ్ కానిస్టేబుల్ కొండబాబుని తలుపు వెయ్యమంది. లాఠీ అందుకుంది.

మొదటి దెబ్బకి జయసింహ అరిచాడు. అరిచి, ఆమె కూడా అరుస్తుందని ఎదురుచూశాడు. ఆమె అరవలేదు. కణతల దగ్గర నరం మాత్రం ఉబ్బింది. రెండో దెబ్బ వేసింది, మూడోది వేసింది. జయసింహ ముఖంలో రంగు దిగిపోయింది. జీవితంలో ఒక్క దెబ్బ తిననివాడు ఆయన. ఊరందరి దెబ్బలూ తిన్నది ఆమె.

"ఒద్దు మేడమ్, తమరు సచ్చిపోతారు," అన్నాడు కొండబాబు ఏడుస్తూ.

"నాకేం కాదు. నువ్వు తలుపు దగ్గరే ఉండు."

పాత ఐస్ ఫ్యాక్టరీ అని జయసింహ చెప్పేసరికి ఆయనకి మాట కూడా సరిగ్గా రావడం లేదు. చేపల బుట్టల కింద నూకరాజు దొరికాడు. ఊపిరి ఉంది. మణికట్టున పట్టీ లేదు, కోసేశారు. కాలు విరిగి ఉంది. ఆస్పత్రి బయట జనం హైమవతిని భుజాల మీదికి ఎత్తుకున్నారు.

ఇందుశేఖర్ ఫోన్ చేశాడు. పర్యవేక్షణ కేంద్రంలో, అంటే మానిటరింగ్ సెంటర్‌లో, ఆ ఇద్దరి నొప్పి గీతలూ ఆయన చూస్తూనే ఉన్నాడు.

"మీరెందుకు ఆగలేదు?" అన్నాడు.

"మనిషి ప్రాణం దక్కింది డాక్టర్ గారూ. సంతోషించండి," అని పెట్టేసింది.

కాలికి కట్టు కట్టి పంపిన నూకరాజుని స్టేషన్‌కి తీసుకొచ్చి, తన ఎదుటి కుర్చీలో కూర్చోబెట్టింది హైమవతి. జయసింహని మెజిస్ట్రేటు ముందు పెట్టే వేళ దగ్గరపడింది. సాక్షి లేకపోతే ఆయన దర్జాగా బయటికి నడుస్తాడు. ఆయన్ని కొట్టినందుకు ఆమె జైలుకి వెళుతుంది.

"చూసింది చూసినట్టు చెప్పు నూకరాజూ. అంతే చాలు."

"నాకేటీ తెల్దు మేడమ్. నానేటీ సూడనేదు."

"నాతో చెప్పావు కదా?"

"అప్పుడు నాకు దెబ్బంటే ఏటో తెల్దండి. ఇప్పుడు తెలిసింది. ఆయన బయటికొస్తే మాయావిడినీ పిల్లల్నీ ఒగ్గడు. నన్ను ఇంటికి పోనియ్యండి."

"నీ దెబ్బలు ఒక్కటి వదలకుండా నేనూ తిన్నాను రా. నీ కోసం ఊరంతా తిరిగాను."

నూకరాజు ఆమె కాళ్ళ వైపు చూశాడు, తర్వాత తన కట్టు వైపు చూసుకున్నాడు.

"తిన్నారు మేడమ్, నేదన్ను. తమరి కాలు ఇరగనేదు కదండి."

వీడి కోసం పడ్డ పాట్లన్నీ హైమవతికి ఒక్కసారిగా గుర్తొచ్చాయి. ఇంత నొప్పి భరించిన తనకి లేని భయం వీడికెందుకు? నిజం వీడి గొంతులోనే ఉంది. బయటికి రావడమే తరువాయి.

"కొండబాబూ, పట్టీ పట్రా."

"మేడమ్, ఈడు సాచ్చి కదండి," అన్నాడు కొండబాబు.

"సాక్ష్యం దాచడం నేరం. అరెస్టు చేస్తున్నాను."

కొండబాబు కదల్లేదు. ఆమే వెళ్ళి పట్టీ తెచ్చి, నూకరాజు మణికట్టుకి బిగించింది. వాడు చెయ్యి వెనక్కి లాక్కోలేదు. పోలీసు పట్టుకున్న చేతిని వెనక్కి లాక్కోకూడదని వాడు ఈ మధ్యే నేర్చుకున్నాడు.

పర్యవేక్షణ కేంద్రంలో తెర మీద కొత్తగా రెండు గీతలు వెలిగాయి. ఇందుశేఖర్ ఫోన్ అందుకుని నంబరు నొక్కాడు. బల్ల మీద మోగుతున్న ఫోన్ని హైమవతి బోర్లించి పెట్టింది. కొండబాబు చెప్పకుండానే బయటికి వెళ్ళి తలుపు దగ్గరగా వేశాడు.

ఇన్ని రోజులూ ఆ మనిషి దెబ్బలు మోసిన ఒళ్ళు ఆమెది. ఎక్కడ తగిలితే నూకరాజు తట్టుకోలేడో ఆమెకి తెలిసినంతగా లోకంలో ఇంకెవరికీ తెలియదు. అక్కడే మొదలుపెట్టింది.