రెండంగుళాల ఎత్తు

ఆమె వచ్చేసరికి నిదానంగారు టీ చల్లార్చుకుంటున్నారు. ఆమె చేతిలో గొడుగుంది. బయట వానా లేదు, ఎండా లేదు. ఏదో ఒకటి గట్టిగా పట్టుకోవాలని తెచ్చుకున్నట్టుంది.

నిదానంగారు పాతికేళ్లు ఇన్సూరెన్సు కంపెనీల తరఫున గుద్దుకున్న బండ్లను పరీక్షించిన మనిషి. ఇప్పుడు సొంతంగా నేరపరిశోధన చేస్తున్నారు. దేనికీ తొందరపడరని జనమే ఆ పేరు పెట్టారు. ఆయనకు తోడు ఒక రిటైరైన బస్సు కండక్టరు. తన గురువుగారికి తెలియనిది లోకంలో లేదని కండక్టరు నమ్మకం.

"మా తమ్ముణ్ణి రేపు సాయంత్రం పోలీసులకు అప్పజెప్తారంటండీ," అంది ఆమె.

"ఎవరమ్మా?"

"మా బావగారు. మా ఆయనకి అన్నగారు. మా తమ్ముడు మా ఆయన్ని చంపబోయాడంటున్నారు."

"మీరేమంటున్నారు?"

"నేనెవరి వైపు నిలబడనండీ? అటు మొగుడు, ఇటు తమ్ముడు. వాడు పనిచేసే గ్యారేజీ ఓనరు కూడా, ఇది తేలేదాకా రావద్దన్నాడంట."

ఆమె భర్త పశువుల డాక్టరు. రోడ్డు లేని కొండపల్లెలకు వెళ్లాలి. అందుకని మట్టిలోనూ తారులోనూ నడిచే పొడుగాటి మోటారుసైకిలు కొని, ఇంటి షెడ్డులోనే దాన్ని మార్చుకుంటున్నాడు. గుబ్బల టైర్లు, ఇంజన్ కింద రేకు పళ్లెం, వెనక మందుల పెట్టెలు. పనంతా బావమరిది చేతిమీదే నడిచింది. శనివారం ఇద్దరికీ మాటామాటా పెరిగింది. బావమరిది పాన పడేసి వెళ్లిపోయాడు. సోమవారం పొద్దున, కొండమీద ఆవు ఈనలేక అవస్థ పడుతోందని ఫోను వస్తే డాక్టరు బండి తీశాడు. గేటు దాటి ఎడమకు తిప్పాడో లేదో, బండి ఎగిరి ఎదురుగోడను కొట్టింది. భుజం ఎముక విరిగింది. తర్వాత చూస్తే ముందు చక్రం బ్రేకు పైపు కోసి ఉంది.

"కోసిందని ముందు చూసిందెవరు?"

"బావగారేనండీ. మేమంతా ఆసుపత్రికి పరిగెత్తాం. ఆయనొక్కరే ఆగి, బండి లేపి లోపల పెట్టారు."

నిదానంగారు టీ తాగేశారు. "పదండి," అన్నారు.

*

షెడ్డు సన్నగా, పొడుగ్గా ఉంది. బండి పక్కన మనిషి ఒరిగి నడవాలి. హ్యాండిల్ సగం తిప్పితే చాలు, చివర గోడకు తగులుతోంది.

నిదానంగారు వంగి ఒక్కొక్క బోల్టే చూశారు. ప్రతి బోల్టు తల మీంచి పక్క ఇనుము మీదికి సన్నటి తెల్ల పెయింటు గీత ఉంది.

"ఈ ముగ్గేంటండీ?" అన్నాడు కండక్టరు.

"బోల్టు వదులైతే గీత తప్పుతుంది. చూడగానే తెలుస్తుంది. బిగించినవాడు పనిమంతుడు."

హ్యాండిల్ కింద రెండు కొత్త అల్యూమినియం దిమ్మలున్నాయి. హ్యాండిల్‌ను రెండంగుళాలు పైకెత్తడానికి పెట్టేవి. వాటి నాలుగు బోల్టులకు మాత్రం గీత లేదు. నిదానంగారు వేలితో తడిమి వాసన చూశారు. పల్చటి నూనె. కండక్టరుకూ వేలు చూపించారు.

"ఏదో తెలిసిన వాసనేనండీ. ఎక్కడిదో గుర్తురావట్లేదు."

"వస్తుందిలే."

బ్రేకు పైపు కోతను భూతద్దంతో చూశారు. అటునుంచి ఒక గాటు, ఇటునుంచి ఒక గాటు. రెండూ నడిమధ్య కలిశాయి.

తర్వాత ఎదురుగోడ దగ్గరకు నడిచారు. షెడ్డులో గానీ గేటు దగ్గర గానీ బ్రేకు ఆయిలు చుక్క లేదు. గోడ కింద మాత్రం మరక ఉంది, ఉన్నదంతా అక్కడే కారిపోయినట్టు. పగిలిన అద్దం ముక్కలు ఇంకా అక్కడే పడున్నాయి. నిదానంగారు ఒక ముక్కను జాగ్రత్తగా తీశారు. దాని పైన ఆయిలు జిడ్డుంది. కింది వైపు పొడిగా ఉంది. ముక్కను కాగితంలో చుట్టి జేబులో పెట్టుకున్నారు.

*

బావమరిది తన అక్క ఇంట్లో, వంటగది మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. గడ్డం పెరిగింది.

"శనివారం గొడవ దేనికి?"

"ఆ దిమ్మల గురించేనండీ. కొండల్లో నిలబడి నడపాలి, నడుం విరిగిపోతోంది, ఇప్పుడే బిగించెయ్యమంటాడు బావ. పొడుగు కేబుళ్లు వచ్చేదాకా ముట్టుకోనన్నా. నీకు చేతగాదని చెప్పు అన్నాడు. నాకూ ఒళ్లు మండింది. వచ్చేశా."

"మరి బిగించిందెవరు?"

"నేను కాదు. ఎవరూ నమ్మట్లేదు. బావది కాక షెడ్డు తాళంచెవులు రెండే. ఒకటి నా దగ్గర, ఒకటి పెద్దబావగారి దగ్గర. ఆయనేమో బండెక్కి కూడా ఎరగడు."

"కేబుళ్లు వచ్చాయా?"

"ఇవాళే వచ్చాయి. ఇదిగో, విప్పలేదు."

ఆసుపత్రిలో డాక్టరు మాట కూడా సూటిగానే ఉంది. "ఆదివారం మేం ఊళ్లో లేం. సోమవారం చూస్తే దిమ్మలు బిగించి ఉన్నాయి. మా బావమరిది అలక మానాడనుకుని సంతోషపడ్డానండీ. ఆవు హడావిడిలో ఇంకేం చూళ్లేదు."

"బ్రేకు పట్టలేదా?"

"బ్రేకు సంగతి గుర్తులేదు. బండి మాత్రం దూకింది. నేను పిలవకుండానే దూకింది."

"ఆవు?" అని అడిగాడు కండక్టరు.

"ఇంకో డాక్టర్ని పంపాను. తల్లీబిడ్డా బాగున్నారు."

చివరగా డాక్టరు పక్కింట్లోనే ఉండే అన్నగారి దగ్గరకు వెళ్లారు. ఆయన కుట్టుమిషన్లు బాగుచేస్తాడు. వరండాలో ఒక మిషను విప్పుకుని కూర్చున్నాడు. మాట్లాడుతూనే ఒక స్క్రూ బిగించడం, సన్నమూతి డబ్బాతో దానిమీద చుక్క నూనె వదలడం. పెద్ద కత్తెరతో కొత్త బెల్టును టపుక్కున కోశాడు.

"తమ్ముణ్ణి నా చేతులమీద పెంచానండీ. వాడి జోలికొచ్చినవాణ్ణి వదలను."

"ఆదివారం షెడ్డు వైపు వెళ్లారా?"

"నాకేం పని? ఆ బండి భాష నాకు రాదు."

బయటికొచ్చాక కండక్టరు పది అడుగులు నడిచి ఆగిపోయాడు. ముక్కు తడుముకున్నాడు.

"గురువుగారూ!"

"గుర్తొచ్చిందా? రేపటిదాకా మనసులో పెట్టుకో."

*

మర్నాడు పదిగంటలకు అందరూ వాకిట్లో చేరారు. డాక్టరు భుజానికి కట్టుతో కుర్చీలో ఉన్నాడు. భార్య ఆయన వెనక నిలబడింది. బావమరిది గోడ వారన. అన్నగారు ఫిర్యాదు కాగితం మడిచి జేబులో పెట్టుకుని వచ్చాడు. బండిని మధ్యలో నడిమి స్టాండు మీద నిలిపారు.

నిదానంగారు తాళం తిప్పారు. ఇంజన్ మెల్లగా గురగురలాడింది.

"అన్నగారూ, కాస్త ఆ హ్యాండిల్ ఎడమకు పూర్తిగా తిప్పండి."

అన్నగారు ముందుకొచ్చాడు. హ్యాండిల్ మీద చెయ్యి వెయ్యబోయి, ముందు తాళం తిప్పి ఇంజన్ ఆపాడు. అప్పుడు హ్యాండిల్ పట్టుకున్నాడు.

"ఎందుకాపారు?"

"ఊరికే... మోతగా ఉందని."

"మోత ఇంకా రాలేదండీ," అని నిదానంగారు మళ్లీ ఇంజన్ వేసి, తానే హ్యాండిల్‌ను ఎడమకు చివరిదాకా తిప్పారు. యాక్సిలరేటరును ఎవరూ ముట్టుకోలేదు. ఇంజన్ మాత్రం గొంతు చించుకుని అరిచింది. డాక్టరు భార్య చెవులు మూసుకుంది. హ్యాండిల్ తిన్నగా పెట్టగానే అరుపు తగ్గింది.

"చూశారుగా," అన్నారు ఇంజన్ ఆపి. "హ్యాండిల్ రెండంగుళాలు పైకి పోయింది. కేబుల్ పొడవు మాత్రం పాతదే. తిన్నగా ఉన్నంతసేపు ఏమీ కాదు. మలుపులో కేబుల్ లాక్కుని యాక్సిలరేటరు తనంతట తానే తెరుచుకుంటుంది. డాక్టరుగారు పడింది అందుకు. బ్రేకు వల్ల కాదు."

"మరి పైపు కోసింది ఎవరంట?" అన్నాడు అన్నగారు.

నిదానంగారు కాగితం విప్పి అద్దం ముక్క చూపించారు. "బ్రేకు ఆయిలు దీని పైనుంది. అంటే ముందు అద్దం పగిలి కింద పడింది, తర్వాతే ఆయిలు కారింది. పైపు కోసింది బండి పడ్డాక. అప్పుడు బండి దగ్గర ఉన్నది ఒక్కరు. కత్తితో కోస్తే ఒక వైపే గాటు పడుతుంది. ఇక్కడ రెండు వైపులా ఉంది. బెల్టులు కోసే కత్తెర పని."

కండక్టరు ఇక ఆగలేకపోయాడు. "దిమ్మల బోల్టుల మీద మిషను నూనె కూడానండీ! మా ఆవిడ మిషను వాసనే!"

"అవును," అన్నారు నిదానంగారు. "బావమరిది బిగిస్తే గీత గీస్తాడు. ఈ నాలుగు బోల్టులకి గీత లేదు, నూనె చుక్క ఉంది. ముప్పై ఏళ్ల అలవాటు, చెయ్యి దానంతట అదే వేస్తుంది. కుట్టుమిషను తల తిరగదు. తిన్నగా నడిస్తే బాగున్నట్టే. ఈయన కూడా ఆ సన్నటి షెడ్డులో ఇంజన్ వేసి, హ్యాండిల్ తిన్నగా ఉండగానే చూసుకున్నాడు. తిప్పి చూడాలని తోచలేదు. పడ్డ బండిని లేపి హ్యాండిల్ తిప్పినప్పుడే అర్థమైంది, అందుకే ఇందాక ముందు ఇంజన్ ఆపాడు."

అన్నగారు అరుగు మీద కూలబడ్డాడు. జేబులోని కాగితం బయటికి తీశాడు.

"వాడు నడుం పట్టుకుని మెట్లెక్కుతుంటే చూళ్లేకపోయాను," అన్నాడు. "పొద్దున లేచి చూసి మురిసిపోతాడనుకున్నా. గోడ దగ్గర ఆ రక్తం చూసేసరికి... అన్న చేతులారా చంపబోయాడంటారని భయమేసింది."

డాక్టరు అన్న వైపు తిరిగాడు.

"బిగించింది నా కోసం," అన్నాడు. "కోసింది ఎవరి కోసం అన్నయ్యా?"

అన్నగారు కాగితాన్ని నాలుగు ముక్కలు చేశాడు. లేచి బావమరిది ముందుకెళ్లి నిలబడ్డాడు. "తప్పయిపోయింది బాబూ. మీ ఓనరు దగ్గరికి నేనే వస్తాను. ఇక్కడ ఎలా చెప్పానో అక్కడా అలాగే చెప్తాను."

"ఇవాళే రావాలి," అన్నాడు బావమరిది.

"ఇప్పుడే పద."

డాక్టరు భార్య గొడుగు గోడకు ఆనించింది. రెండు రోజుల్లో మొదటిసారి ఆ చేతులు ఖాళీ అయ్యాయి.

నిదానంగారు చెప్పుల్లో కాళ్లు పెట్టుకున్నారు. గేటు దాటుతూ కండక్టరు వెనక్కి తిరిగి చూశాడు. బావమరిది వెంటనే గ్యారేజీకి బయల్దేరలేదు. కేబుళ్ల పొట్లం విప్పి బండి సీటు మీద పరిచాడు.

"ముందు ఇది కానిద్దాం. హ్యాండిల్ పట్టుకోండి పెద్దబావగారూ," అంటున్నాడు. "ఈసారి రెండు వైపులా చివరిదాకా తిప్పి చూద్దాం. మీ నూనె డబ్బా మాత్రం ఇంట్లోనే ఉండనివ్వండి."