రాణి ముఖం మీద గుడ్డ

"మా ఆల్బీని ఉరితీస్తారట సార్!" కుర్చీ చూపించినా కూర్చోలేదు ఆల్బీ భార్య నెల్. చంకలో బిడ్డ నిద్రపోయింది, అయినా ఊపుతూనే ఉంది.

ప్రైవేట్ డిటెక్టివ్ థర్‌స్టన్ వేల్ ఆమెకు నీళ్లందించాడు. సహాయకురాలు డోరా బిడ్డను ఎత్తుకుంది.

ముందురోజు మధ్యాహ్నం వెన్‌బరీ పెద్ద చర్చి పక్కగదిలో శిల్పి థార్లీని ఎవరో చంపారు. చెక్కసుత్తితో తొమ్మిది దెబ్బలు. తల ఆనవాలు లేకుండా చితికిపోయింది. ఆరువందల ఏళ్లనాడు రోహీస్ రాణి చనిపోతే, ఆమె ముఖాన్ని అచ్చు తీసి చెక్కిన కొయ్యబొమ్మను శవపేటిక మీద ఊరేగించారు. ఆ బొమ్మ సాయంతో ఆమె రూపాన్ని మైనంలో పోస్తున్నాడు థార్లీ. ఆ మైనం తలనీ హంతకుడు ముద్దచేశాడు. థార్లీ దగ్గర పనిచేసే ఆల్బీ ఆ ఉదయమే ఆయనతో గొడవపడ్డాడు.

"గొడవ దేనికమ్మా?"

"మావాడు రాణిగారి నెత్తిన టోపీ తగిలిస్తాడు సార్. ఆవిడకి ఆనుకుని రొట్టె తింటాడు. 'అది రాణిరా, చిలక్కొయ్య కాదు' అని ఆయన తిట్టాడు. అంతే! మధ్యాహ్నం మావాడు ఏటి ఒడ్డున కూర్చుని తింటున్నాడు. చూసినవాళ్లే లేరు."

వేల్, డోరా చర్చికి వెళ్లారు. గదిలో నెత్తురు పైకప్పుదాకా చిమ్మి ఉంది. బల్లకింద రెండు పళ్లు దొరికాయి. శవం చేతిలో ముఖం కొలిచే ఇనుప సాధనం బిగుసుకుని ఉందని ఇన్‌స్పెక్టర్ బ్లాండ్ చెప్పాడు. బల్లమీద రాణి పడుకుని ఉంది. నాలుగు మడతల గుడ్డ ముఖాన్ని కప్పి, అంచు గడ్డంకింద దోపి ఉంది. గుడ్డమీద నెత్తుటి చుక్కలు.

వేల్ గుడ్డ ఎత్తాడు. అడుగున మరక లేదు. చెక్కముఖంలో మూతి ఎడమకొస కిందికి జారింది.

"పక్షవాతం," అన్నాడు వేల్. "చెక్కినవాడు అబద్ధమాడలేదు."

తలుపు పక్కన మేకుకి ఆల్బీ టోపీ వేలాడుతోంది. దానిమీదా చుక్కలే.

చర్చి సేవకుడు క్రేక్ కట్టెలా నిలబడి చెప్పాడు. "అరుపు విని వచ్చాను. ఆల్బీ పారిపోతున్నాడు. నేనేదీ ముట్టుకోలేదు. రాణిగారి ముఖం అప్పటికే కప్పి ఉంది."

"మైనం తల చూశారా?"

"నలభై ఏళ్లు ఆవిడ దుమ్ము దులిపాను. అది ఆవిడ కాదు," అన్నాడు ముసలాయన పళ్లబిగువున.

మర్నాడు అందరినీ అదే గదికి పిలిపించాడు వేల్. ఆల్బీ సంకెళ్లతో వచ్చాడు.

"గుడ్డమీద నెత్తురుంది, కింద లేదు. అంటే మొదటి దెబ్బకి ముందే ముఖం కప్పారు. టోపీ కూడా అప్పటికే మేకుకి చేరింది. ముఖం కొలుస్తున్న థార్లీ తానే రాణి ముఖాన్ని ఎందుకు కప్పుతాడు? ఆల్బీ టోపీకేమో ఆవిడే మేకు."

"అవును సార్, మేకుకి టోపీ తగిలించడం నా ఒంట్లో లేదు," అన్నాడు ఆల్బీ.

"ఆ మడత చూడండి. ప్రార్థన బల్లమీది గుడ్డకి రోజూ వేసే మడతే. ఆవిడ చూస్తుండగా చంపలేనివాడు ఒక్కడే..."

మాట పూర్తికాలేదు. క్రేక్ పనిబల్లమీది ఉలి లాక్కుని, ఆల్బీ జుట్టుపట్టి వెనక్కి వంచి, గొంతుమీద ఆనించాడు. "వీడే! వీడే చంపాడు!" ఉలి అంచున ఎర్రటి గీత లేచింది. నెల్ కెవ్వుమంది.

వేల్ రాణి ముఖంమీది గుడ్డ లాగేశాడు.

"ఆవిడ చూస్తోంది క్రేక్."

ముసలాయన పట్టు సడలింది. ఉలి నేలమీద పడింది.

"రోజూ కప్పేవాణ్ణి," అన్నాడు మోకాళ్లమీద కూలబడి. "ఆవేళా వీడి టోపీ తీసి మేకుకి తగిలించి, కప్పాను. 'మళ్లీనా ముసలోడా' అని థార్లీ నవ్వి మైనం వైపు తిరిగాడు. 'చచ్చేప్పుడు రాణులకీ చొంగ కారుతుంది, ఊరంతా చూస్తుంది' అన్నాడు. మూడో దెబ్బకే పోయాడు. మిగతా ఆరూ... ఆ మాటకి. అయ్యా, ఆవిడ ముఖం కప్పండి."

ఎవరూ కప్పలేదు.

"నాకు గుడ్డ ఒక్కటే కనిపించింది సార్. మీకు మనిషి కనిపించాడు," అంది డోరా.

సంకెళ్లు తీశాక ఆల్బీ మెడ తడుముకున్నాడు. తర్వాత, వంకరమూతి రాణి ఎదుట మొదటిసారి తల వంచాడు.

నెల్ బిడ్డను అతని చేతుల్లో పెట్టింది. "ఇంకోసారి ఆవిడ నెత్తిన టోపీ పెట్టావో, నేనే చంపుతా," అంది. అప్పుడు ఏడ్చింది.