వాడకయ్య కూర్చోని కుర్చీ

2094లో సామర్లకోటలో గొడుగు కొనాలన్నా దాని మీద వాడకయ్య ముద్ర ఉందో లేదో చూసేవారు. ముద్ర ఉన్న గొడుగు విప్పితే వాన తనంతట తానే పక్క వీధిలోకి తప్పుకునేదని చెప్పుకునేవారు. అది కొంచెం ఎక్కువే అనుకోండి. ముద్ర లేని వస్తువు మాత్రం కొట్లో అలాగే పడుండేది.

వాడకయ్య మనిషి కాదు, యంత్రం. కాగితాల మీద దాని పేరు ‘కృత్రిమ వినియోగదారు’. అంత పేరు పలికే ఓపిక లేక జనం దాన్ని వాడకయ్య చేశారు. అంతకుముందు పరీక్షా యంత్రాలు ఒక తలుపును లక్షసార్లు ఒకే తీరుగా తెరిచి, మూసి, గట్టిదని తేల్చేవి. ఇంటికొచ్చిన ఆరు నెలలకే ఆ తలుపు ఊడి చేతికొచ్చేది. ఎందుకంటే ఏ ఇంట్లోనూ మనుషులు తలుపును అలా తియ్యరు. చేతుల్లో బిందెలుంటే కాలితో తంతారు. పిల్లలు గడియ పట్టుకుని ఊగుతారు. డాక్టర్ సోమయాజులు ఈ తేడా పట్టుకున్నాడు. ఒప్పుకున్న ఇళ్లన్నిటిలో కెమెరాలు పెట్టి, మనుషులు వస్తువులతో నిజంగా ఎలా మెలుగుతారో ఆ అలవాట్లన్నీ ఒక యంత్రమానవుడికి నేర్పాడు. దాన్ని ‘త్వరితకాల గది’లో నిలబెట్టాడు. ఆ గదిలో ఎండ, చెమ్మ, ఉప్పుగాలి, దుమ్ము గబగబా మారుతుంటాయి. వాడకయ్య చేతులూ అంతే వేగం. భోజనాల వేళ తలుపు మూస్తే టీ వేళకి పదేళ్ల వాడకం పూర్తయ్యేది.

పిఠాపురంలో ఆడవాళ్ల వర్క్‌షాపు నడిపే ఇంజనీరు నూకరత్నం ‘నడకుర్చీ’ని తయారుచేసింది. మోకాళ్లు పనిచెయ్యని మనిషిని కూర్చోబెట్టుకుని, నాలుగు కాళ్లతో మెట్లెక్కే కుర్చీ అది. పరీక్షకి రెండుసార్లు తెచ్చింది. రెండుసార్లూ వాడకయ్య దాని మీద ముగ్గురు పిల్లల బరువుతో గెంతాడు, తడి దుప్పట్లు ఆరేశాడు, ఎక్కి నిలబడి ఫ్యాను తుడిచాడు. రెండుసార్లూ తొడ దగ్గర కీలు విరిగింది. మూడోసారి కూడా విరిగితే అనుమతి రద్దు, వర్క్‌షాపుకి తాళం.

“మళ్లీ తెచ్చావా, నూకరత్నం? మావాడు కాళ్లు దురద పెడుతున్నాయంటున్నాడు,” అన్నాడు సోమయాజులు.

“ఈసారి మీవాడి కాళ్లే విరుగుతాయి లెండి. కీలు మొత్తం కొత్త లోహంతో పోయించాను.”

“కింద ఆ నిమ్మకాయలేంటమ్మా?”

“మా వర్క్‌షాపు ఆడాళ్లు ఊరుకోలేదండి. కొత్త బండికి చేసినట్టే పూజ చేసి పంపారు. కవరు కూడా తియ్యనివ్వలేదు.”

కుర్చీకి పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, పైన దళసరి ప్లాస్టిక్ కవరు తొడిగారు. పరీక్షకొచ్చే ప్రతి వస్తువు మీదా ‘ప్రభుత్వ సొత్తు’ అని ముద్ర కొట్టి లోపలికి పంపడం అక్కడి పద్ధతి. ఆ రోజు కవరు మీద సిరా నిలవలేదు. ఏముందిలే అని అలాగే పంపేశారు.

తలుపు మూశారు. నూకరత్నం అద్దంలోంచి చూస్తోంది. వాడకయ్య కుర్చీ దగ్గరికొచ్చాడు. బొట్లు చూశాడు. ముట్టుకుని కళ్లకద్దుకున్నాడు. తర్వాత దాని మీదో తువ్వాలు కప్పి, పక్కనే నేల మీద చతికిలబడ్డాడు. గదిలో వేసవులు గడిచాయి, వానాకాలాలు గడిచాయి. తువ్వాలు మీద దుమ్ము పడితే లేచి దులిపేవాడు. మళ్లీ నేల మీదే కూర్చునేవాడు.

సోమయాజులు మైకు లాక్కున్నాడు. “ఒరేయ్, కూర్చోవేంరా?”

“కొత్తదండి. పాడైపోద్ది,” అన్నాడు వాడకయ్య. “ఆదివారం మా బావమరిదోళ్లు వస్తారు. అప్పుడు తీద్దాం లెండి.”

“నీకు బావమరిదేంట్రా! నీకు పెళ్లెప్పుడైంది?”

వాడకయ్య కవరు మడతలు సర్దాడు.

విషయం ఇద్దరికీ అర్థమైంది. ఇన్నాళ్లూ ‘ప్రభుత్వ సొత్తు’ ముద్ర చూసి ఆఫీసు వస్తువనుకుని విరగ్గొట్టాడు. ఈసారి బొట్టు చూసి తనదనుకున్నాడు.

టీ వేళకి గది తెరుచుకుంది. కుర్చీ కొత్త పెళ్లికూతురులా ఉంది. పదేళ్ల తర్వాత పనిచేస్తే చాలు, నెగ్గినట్టేనని నిబంధన.

“ఇంకోసారి పెట్టండి, డాక్టరుగారూ. వాడు కూర్చోనేలేదు కదా!”

“మూడే అవకాశాలమ్మా. ఇది తీసుకుంటావా, తాళం వేసుకుంటావా?”

వర్క్‌షాపులో పనిచేసే వాళ్లంతా ఆమె కళ్లముందు మెదిలారు. ధ్రువపత్రం తీసుకుంది. దాంతోపాటు గుండెలో రాయి కూడా తెచ్చుకుంది. ఆ కీలు నిలుస్తుందో లేదో ఎవరికీ తెలియదు. మెట్ల మధ్యలో విరిగితే?

పరీక్షలో ఉన్నట్టే అమ్మాలన్నది చట్టం. అందుకని ప్రతి కుర్చీ బొట్లతో, కవరుతో, నాలుగు నిమ్మకాయలతో కొట్లకి వెళ్లింది. విపరీతంగా అమ్ముడుపోయింది. ఒక్క ఫిర్యాదూ రాలేదు. వర్క్‌షాపు వాళ్లు సంబరపడ్డారు. నూకరత్నానికి మాత్రం నిద్రపట్టలేదు. ఏడాది తర్వాత రెంచీ సంచిలో వేసుకుని, కీళ్లు చూద్దామని కొన్నవాళ్ల ఇళ్లకి బయల్దేరింది. సోమయాజులూ వెంట వచ్చాడు.

తిరిగిన ప్రతి ఇంట్లోనూ ఒకటే వరస. హాల్లో కుర్చీ, దాని మీద కవరు, కవరు మీద తువ్వాలు. చుట్టూ నేల మీద మనుషులు.

చివరికి కాకినాడలో విశ్రాంత హెడ్మాస్టరు కొండలరావు ఇంటికెళ్లారు. ఆయన గోడ పట్టుకుని, మెట్టుమెట్టుకీ మూలుగుతూ మేడ దిగొస్తున్నాడు.

“కుర్చీ ఉందిగా, మాస్టారూ! ఎక్కరేం?” అంది నూకరత్నం.

“పాడైపోదూ? ఆదివారం మా వియ్యాలవారొస్తున్నారు. అప్పుడు తీద్దామనీ...”

“నా యంత్రం నూటికి నూరుపాళ్లు కరెక్టు!” అని సోమయాజులు చంకలు గుద్దుకున్నాడు.

నూకరత్నానికి ఒళ్లు మండింది. తువ్వాలు లాగింది, కవరు చింపింది, బొట్లు కొంగుతో తుడిచేసింది. సోమయాజులు జేబులో ఎప్పుడూ ఉండే ఆఫీసు ముద్ర లాక్కుని కుర్చీ వీపు మీద టపీమని కొట్టింది. ‘ప్రభుత్వ సొత్తు.’

మాస్టారు కళ్లజోడు సవరించుకుని చదివాడు. “అరె, మనది కాదా ఇది? ముందే చెప్పొద్దూ!”

దభీమని కూలబడ్డాడు. చెప్పుల కాళ్లు పైకి పెట్టుకున్నాడు. “ఏవే, ఆ తడి తువ్వాలు ఇలా పడెయ్, దీని మీద ఆరేద్దాం,” అని లోపలికి కేకేసి, మనవణ్ణి ఒళ్లోకి, మనవరాలిని కుర్చీ చేతి మీదికి ఎక్కించుకుని, మీట నొక్కి కుర్చీని మెట్లవైపు ఉరికించాడు.

నూకరత్నం కీలు వంకే చూస్తోంది. కుర్చీ ఒక్కో మెట్టే ఎక్కింది. మలుపు దగ్గర పిల్లలిద్దరూ కేరింతలు కొడుతూ గెంతారు. కీలు కిర్రుమనైనా అనలేదు.

ఆమె అక్కడే కింది మెట్టు మీద కూర్చుని, చాలా రోజుల తర్వాత హాయిగా నవ్వింది.

పైనుంచి మాస్టారి గొంతు వినిపించింది. “ఇలాంటివి ఆఫీసులో ఇంకా ఉన్నాయా, అమ్మాయ్?”